శివమ్మ నెత్తురులో ఏముంది

ప్లేటులో తొంభై ఆరు చిన్న చిన్న గుంటలు. పసుపుపచ్చగా మారాల్సినవి మారాయి. నీళ్ళలా తేటగా ఉండాల్సినవి అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. నాలుగో వరుసలో ఒక గుంట మాత్రం నిమ్మపండు తొక్కలా మెరుస్తోంది.

లాబులో రక్తపరీక్షలు చేసే సుకుమారి ప్లేటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో మళ్ళీ చూసింది. మార్పు లేదు. పొరపాటున పక్క గుంటలోది చిమ్మిందేమో అనుకుని అదే నమూనాతో మధ్యాహ్నం ఇంకోసారి, మర్నాడు పొద్దున మరోసారి పరీక్ష చేసింది. మూడుసార్లూ అదే పసుపు. రిజిస్టరు తీసి నంబరు వెతికింది. ముప్ఫై ఏడు. ఎదురుగా పేరు: శివమ్మ, క్యాంటీన్.

అది తొంభై ఎనిమిది జూలై. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో చుట్టూ ఉన్నవన్నీ మందుల ఫ్యాక్టరీలే. మధ్యలో ముప్ఫై మంది పనిచేసే ఈ చిన్న కంపెనీ మాత్రం మందులు చెయ్యదు, రోగం ఉందో లేదో చెప్పే కిట్లు చేస్తుంది. ఆ ఏడాది వాళ్ళు తయారుచేస్తున్నది హెపటైటిస్ సి కిట్. రక్తనిధులకు అమ్మడానికి. లివరును ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా తినేసే ఆ వైరస్ ఎక్కించిన రక్తం ద్వారా, వాడిన సూదుల ద్వారా ఒకరి నుంచి ఒకరికి పోతుంది.

ఆ కిట్ వైరస్‌ను నేరుగా వెతకదు. వైరస్ ఒంట్లోకి వస్తే దాన్ని పట్టుకోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలను వెతుకుతుంది. వాటిని రప్పించడానికి ఒక ఎర కావాలి. ఆ ఎర వైరస్ ప్రోటీనే. అసలు వైరస్‌ను లాబులో పెంచడం అప్పటికి ఎవరివల్లా కాలేదు. అందుకని వైరస్ జన్యువులోంచి చిన్న ముక్క తీసి, ఈ.కోలై అనే మామూలు బ్యాక్టీరియాలో పెడతారు. అది తనకు తెలియకుండానే వైరస్ ప్రోటీన్ తయారుచేస్తుంది. తర్వాత ఆ బ్యాక్టీరియాను పగలగొట్టి, ప్రోటీన్‌ను వేరుచేసి, గుంటల అడుగున అంటిస్తారు. యాంటీబాడీలున్న రక్తం పడితే ఆ గుంట పసుపుకు తిరుగుతుంది, లేకపోతే తేటగా ఉండిపోతుంది. ఇన్నాళ్ళూ ఆ ప్రోటీన్ బయటిదేశం నుంచి వచ్చేది. ఈ ఏడాదే కంపెనీ యజమాని సూర్యప్రకాశరావు పై అంతస్తులో సొంతంగా తయారుచేశాడు. పదిహేనేళ్ళు ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసి వచ్చిన మనిషి ఆయన. ఆ ప్రోటీన్ అంటే ఆయనకు కన్నబిడ్డ కిందే లెక్క.

కిట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియాలంటే రోగం ఉన్నవాళ్ళ రక్తం ఎంత అవసరమో, లేనివాళ్ళదీ అంతే అవసరం. ఆరు నెలలకోసారి కంపెనీలో పనిచేసేవాళ్ళు, వాళ్ళ చుట్టాలు ఇష్టపడి రక్తం ఇచ్చేవాళ్ళు. శివమ్మ ఎప్పుడూ అందరికంటే ముందు చెయ్యి చాపేది. "తీస్కో బిడ్డా, నాకు మస్తుగుంది నెత్తురు" అనేది.

సుకుమారి ఫ్రిజ్ తెరిచి జనవరిలో తీసిన శివమ్మ రక్తం సీసా వెతికి పట్టుకుంది. దాన్ని కొత్త ప్లేటులో పరీక్షించింది. తేటగా ఉంది. అంటే జనవరిలో లేనిది జూలైకి వచ్చింది. ఈ ఆరు నెలల్లో ఏం జరిగింది?

ఆ ప్రశ్న ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ ప్యాకింగ్ విభాగంలో పనిచేసే వీరలక్ష్మి పక్కన కూర్చుంది.

"శివమ్మక్కకు మొన్న ఎండకాలంల జరం వచ్చింది గద. ఎప్పుడది? ఏం జరం?" అని అడిగింది.

"మే నెల. ఇరవై దినాలు రాలే. సంగారెడ్డిల ఏదో నర్సింగ్ హోంల సెలైన్లు పెట్టిన్రంట. ఎందుకు మేడమ్?"

"ఏం లే. ఆమె శాంపిల్ జెర తేడాగ ఉంది."

అంతే ఆమె అన్నది. అనగానే నాలుక కరుచుకుంది. వీరలక్ష్మి కళ్ళు అప్పటికే అన్నం గిన్నె మీదికి, అక్కడినుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ శివమ్మ మీదికి పోయాయి.

సాయంత్రం సుకుమారి సంగతంతా సూర్యప్రకాశరావుకు చెప్పింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇందులో వింతేముందమ్మా? జనవరిలో లేదు. మేలో ఆస్పత్రిలో పడింది. సూదులు పొడిచారు, సెలైన్లు ఎక్కించారు. జూలైలో ఉంది. ఎవరికో వాడిన సూది ఈమెకూ వాడి ఉంటారు. పాపం. మన కిట్ మాత్రం సరిగ్గా పట్టుకుంది."

ఆయన గొంతులో జాలీ ఉంది, కొంచెం గర్వమూ ఉంది. సుకుమారి తలూపి ప్లేట్లు సర్దింది. అన్నీ సరిగ్గా అతికినట్టే ఉన్నాయి. కానీ ఇంటికి పోయే బస్సులో కూర్చున్నాక ఒక సందేహం వచ్చింది. కంపెనీ దగ్గర ఇంకా కొన్ని పాత ప్లేట్లు మిగిలాయి, బయటిదేశం ప్రోటీన్‌తో చేసినవి. శివమ్మ జూలై రక్తాన్ని వాటిమీద చూస్తే?

మర్నాడు చూసింది. తేటగా ఉంది.

రావు ఒక్క క్షణం ఆలోచించి, "మనది ఇంకా సున్నితమైన కిట్. పాతది పట్టలేనిది ఇది పట్టింది" అన్నాడు. అలా కూడా జరగవచ్చు. కానీ మూడుసార్లు నిమ్మపండు రంగుకు తిరిగింది పాతదాంట్లో కాస్తయినా కనబడాలి కదా అని సుకుమారి మనసు గుంజుతూనే ఉంది.

రెండు రోజుల్లోనే వీరలక్ష్మి నోట పడ్డ మాట షెడ్డంతా తిరిగింది. మొదట ప్యాకింగ్ వాళ్ళు ఇంటినుంచి టిఫిను డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. తర్వాత వాచ్‌మన్ శివమ్మ చేతి చాయ్ వద్దన్నాడు. ఈ రోగం తిండి వల్ల అంటుకోదని రావు అందరినీ నిలబెట్టి చెప్పినా ఎవరూ వినలేదు. శుక్రవారం శివమ్మ వండిన అన్నం వండినట్టే మిగిలింది. శనివారం ఆమె పనికి రాలేదు.

ఆదివారం సుకుమారి చర్చి నుంచి నేరుగా గడ్డపోతారం వెళ్ళింది. శివమ్మ భర్త ఐలన్న అక్కడే ఒక ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేస్తాడు. రెండు గదుల ఇల్లు. శివమ్మ వాకిట్లో కూర్చుని ఎండుమిర్చి దంచుతోంది. సుకుమారిని చూసి లేవలేదు, పొమ్మనలేదు. పీట ముందుకు తోసింది.

"అక్కా, నా నోటితోనే పోయింది ఆ మాట. వీరలక్ష్మితోని నేనే అన్న. తప్పు నాదే" అంది సుకుమారి, కూర్చోకుండానే.

శివమ్మ రోకలి ఆపింది. "నువ్వా? నేను పెద్దసారనుకున్న." రోలు పక్కకు జరిపింది. "సరే, అయిందేదో అయింది. గీ మాట చెప్పు. నాకు రోగముందా లేదా?"

"తెల్వదక్కా. అది తెల్సుకుందామనే వచ్చిన. ఆస్పత్రిల నీకు సూదులిచ్చినప్పుడు..."

"సూదుల సంగతి నన్నడుగు. నేనేమన్న పిచ్చిదాన్నా? నా ముందట కాయితం సింపి కొత్తది తీస్తేనే పొడ్వనిచ్చిన. ఒక నర్సమ్మ నన్ను తిట్టింది గూడ, గీ ముసల్ది పోలీసోల లెక్క సూస్తదని."

"నెత్తురెక్కించిన్రా?"

"లే. ఒట్టి నీళ్ళ సీసలే."

"మరి జరం ఎట్లుండె? మొదలుకెల్లి చెప్పు."

శివమ్మ చెప్పింది. వణుకుతో చలి, నడుముకు ఒక పక్క కోసినట్టు నొప్పి, ఒంటేలుకు పోతే మంట. ఇరవై రోజులు. చెబుతూ చెబుతూ లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. "అన్ని కాయితాలు దాసిన. ఐలన్న పారెయ్యమన్నడు. నేనియ్యలే."

మందుల చీటీల కింద ఒక నీలంరంగు కాగితం ఉంది. మూత్రం పరీక్ష. అందులో పెరిగిన సూక్ష్మజీవి పేరు వంకర అక్షరాలతో రాసి ఉంది. సుకుమారి దాన్ని రెండుసార్లు చదివింది.

ఈ.కోలై.

"ఏందది? గట్ల సూస్తున్నవ్?" శివమ్మ మెడ చాచి కాగితంలోకి చూసింది, తనకు చదవరాకపోయినా.

"అక్కా, నీ కిడ్నీకి పట్టిన పురుగు, మేం పైన సీసాలల్ల పెంచే పురుగు ఒక్క జాతియే."

"మీరు పురుగులు పెంచుతరా?"

సుకుమారి అప్పుడు పీట మీద కూర్చుంది. వైరస్ ముక్క సంగతి, దాన్ని బ్యాక్టీరియాలో పెట్టి ప్రోటీన్ చేయించే సంగతి, పగలగొట్టి వేరుచేసే సంగతి తనకు చేతనైనంత తేలికగా చెప్పింది. శివమ్మ మిర్చి సంగతి మర్చిపోయి వింది.

"అంటే ఆ పురుగును దంచి, మీకు కావల్సింది ఏరుకుంటరు. మిగిలింది పారేస్తరు."

"అవ్."

"ఎంత ఏరినా బియ్యంల ఒక రాయి పంటి కిందకొస్తది గద బిడ్డా."

సుకుమారి ఆమె ముఖంలోకి చూసింది. తాను మాటల్లో పెట్టలేక తంటాలు పడుతున్నదాన్ని ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. ప్రోటీన్‌తోపాటు బ్యాక్టీరియా తుక్కు కాస్త గుంట అడుగున అంటుకుని ఉంటే? శివమ్మ ఒంట్లో ఆ బ్యాక్టీరియాతో ఇరవై రోజులు పోరాడిన యాంటీబాడీలు ఇంకా తిరుగుతూ ఉంటే? అవి వచ్చి పట్టుకున్నది వైరస్ ముక్కను కాదు, ఆ తుక్కును.

సోమవారం పొద్దున రావు గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఫోనులో ఉన్నాడు. కొత్త కిట్లు గురువారం బయలుదేరాలి. ఆయన ఫోను పెట్టేదాకా ఆగి, నీలం కాగితం బల్లమీద పెట్టింది.

ఆయన చదివాడు. ముఖం కందింది. "మన ప్రోటీన్ తొంభై ఐదు శాతం శుద్ధం, సుకుమారీ. నేను స్వయంగా చూశాను."

"మిగిలిన ఐదు శాతం ఏంటిది సార్?"

ఆయన కాగితం కింద పెట్టి కిటికీలోంచి పక్క ఫ్యాక్టరీ చిమ్నీ వైపు చాలాసేపు చూశాడు. ఆమె కోప్పడతాడనుకుంది. ఆయన లేచి, గోడకు తగిలించిన తెల్లకోటు వేసుకున్నాడు.

"పద. వైరస్ ముక్క పెట్టని ఖాళీ బ్యాక్టీరియా నా దగ్గరుంది. దాన్ని పెంచి, పగలగొట్టి, ఆ రసంతో ఒక ప్లేటు చేద్దాం. అందులో వైరస్ అన్నది అణువంత కూడా ఉండదు. శివమ్మ రక్తం దానిమీద ఏం చేస్తుందో చూద్దాం."

రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ రావు ఫోనుల జోలికి పోలేదు. పాతికేళ్ళ కిందటి విద్యార్థిలా చుక్కలు కొలిచే పిపెట్టు పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు. బుధవారం మధ్యాహ్నం రంగును నిలిపే ఆమ్లం చివరి చుక్క పడగానే ఇద్దరూ ప్లేటు మీదికి వంగారు.

వైరస్ లేని ఆ ప్లేటులో శివమ్మ జూలై రక్తం గుంట ముదురు పసుపుకు తిరిగింది. జనవరి రక్తం గుంటలో లేత రంగు మాత్రమే ఉంది. ఆ బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉంటుంది కాబట్టి ఆ మాత్రం అందరికీ సహజమే.

"ఇంకొకటి చేద్దాం సార్," అంది సుకుమారి. "శివమ్మ రక్తంలో ముందే ఈ రసం కలిపి గంట ఉంచుదాం. ఆమె యాంటీబాడీలు పట్టుకోవాల్సిందేదో అక్కడే పట్టుకుంటాయి. అప్పుడు మన అసలు ప్లేటు మీద వేద్దాం."

"నిజంగా జబ్బున్న రోగి రక్తం కూడా పక్కన పెట్టు. దానికీ రసం కలుపు" అన్నాడు రావు. "ఈ రసం నిజాన్ని కూడా మింగేస్తే మనకు పనికిరాదు."

రోగి రక్తం గుంట ఎప్పటిలాగే పసుపుపచ్చగా మెరిసింది. శివమ్మ గుంట తేటగా, బావి నీళ్ళలా ఉండిపోయింది.

రావు బల్ల మీద అరచెయ్యి వేసి ఒక్కసారి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "గురువారం బండి ఆపమని చెప్పాలి" అన్నాడు మెల్లగా.

ఒక్క మనిషి రక్తం చూసి ఊరుకోలేదు వాళ్ళు. సంగారెడ్డిలో నర్సుగా పనిచేసి రిటైరైన సుకుమారి తల్లి సౌభాగ్యమ్మ, తనకు తెలిసిన డాక్టర్లను అడిగి, కిడ్నీ జ్వరం వచ్చి తగ్గినవాళ్ళు పదిమందిని ఒప్పించి రక్తం ఇప్పించింది. ఆ పదిమందిలో ఇద్దరు కొత్త కిట్ మీద పసుపుకు తిరిగారు. రసం కలిపితే ఇద్దరూ తేటపడ్డారు. హైదరాబాదులో వైరస్‌ను నేరుగా వెతికే పరీక్ష చేసేచోటికి శివమ్మ రక్తం పంపితే, వైరస్ లేదని కాగితం వచ్చింది. రావు ప్రోటీన్‌ను మరోసారి శుద్ధి చేశాడు. అదీ చాలదని, రక్తం కలిపే ద్రవంలోనే ఖాళీ బ్యాక్టీరియా రసం చేర్చాడు. కిట్లు ఐదు వారాలు ఆలస్యమయ్యాయి. ఆర్డర్లలో సగం వేరేవాళ్ళకు పోయింది.

హైదరాబాదు కాగితం వచ్చిన రోజు సుకుమారి గడ్డపోతారం వెళ్ళి చెప్పింది. శివమ్మ సంతోషపడింది గానీ వెంటనే పనికి రానంది.

"కాయితం సూపెడితే వాళ్ళు నమ్ముతరా? నాకే కండ్లతోని సూడాలనుంది. సూపెడ్తవా?"

మర్నాడు ఆమెకు తెల్లకోటు తొడిగి లాబులోకి తీసుకెళ్ళారు. కోటు మోకాళ్ళ కిందికి వేలాడింది. ప్యాకింగ్ వాళ్ళంతా అద్దం అవతల నిలబడ్డారు. సుకుమారి ఒక్కొక్క మెట్టూ చెబుతూ చేసింది. రసం లేకుండా శివమ్మ రక్తం పసుపుకు తిరిగింది. రసం కలిపిన గుంట అలాగే ఉండిపోయింది. శివమ్మ రెండు గుంటలనూ మార్చి మార్చి చూసింది.

"ఇదీ నాదే, అదీ నాదే?"

"రెండూ నీదే అక్కా."

"సూడు, ఒక్క మనిషి నెత్తురే రెండు తీర్ల మాట్లాడ్తది. అడిగెటోడు సక్కగ అడగాలె." ఆమె అద్దం అవతలికి చూసి వీరలక్ష్మిని చేత్తో పిలిచింది. "ఇటు రా పోరీ, నువ్వు గూడ సూడు." వీరలక్ష్మి తలదించుకుని వచ్చింది. ఆ మధ్యాహ్నం అందరికంటే ముందు కంచం పట్టుకుని నిలబడింది కూడా ఆమే.

అన్నాలయ్యాక గిన్నెలు తోముతూ శివమ్మ అడిగింది.

"బిడ్డా, ఇంతకుముందు పోయినయి ఏమన్న ఉన్నయా, గీ రాళ్ళున్న డబ్బాలు?"

సుకుమారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. జూన్‌లో ట్రయల్ కోసం ఒక రక్తనిధికి పది డబ్బాలు పంపారు. ఆ సంగతి ఆమెకూ, రావుకూ కూడా తట్టలేదు.

రావు వెంటనే ఆ రక్తనిధి డాక్టరుకు ఫోను చేశాడు. ట్రయల్‌లో ముగ్గురు దాతల రక్తం పసుపుకు తిరిగింది, జబ్బుందని వాళ్ళకు చెప్పేశారు కూడా. దాచిన నమూనాలు తెప్పించి కొత్త ద్రవంతో పరీక్షించారు. ఇద్దరికి నిజంగానే జబ్బుంది. మూడో మనిషికి లేదు. హైదరాబాదు పరీక్షా అదే చెప్పింది. ఆయన జోగిపేటలో బడిపంతులు, పేరు సుందర్‌రాజు. చర్చి పెట్టే రక్తదాన శిబిరంలో ఏటా రక్తం ఇచ్చేవాడు. జబ్బు లేదని డాక్టరు రెండు ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. తమవైపు నుంచి ఎవరైనా వెళ్ళి చెబితే మంచిదన్నాడు.

"నేనొస్త" అంది శివమ్మ.

"నువ్వెందుకక్కా?"

"నువ్వు సదువుకున్న మాటలు చెప్తవ్. ఆయన ఇంతకుముందు సదువుకున్న మాటలే విని ఆగమైండు."

జోగిపేటలో సుందర్‌రాజు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నలభై ఏళ్ళ మనిషి. తామెవరో చెబితే గుమ్మంలో నిలబడే మాట్లాడాడు. వెనక గూట్లో ఒక స్టీలు గ్లాసు, ఒక కంచం విడిగా పెట్టి ఉన్నాయి.

"మళ్ళ ఏం చెప్పనీకి వచ్చిన్రు?" అన్నాడు. "రెండు నెలల సంది నా బిడ్డను ఎత్తుకోలే నేను. ఆ ఉత్తరాలు తెరవనన్న తెరవలే."

సుకుమారి చెప్పింది. కిట్‌లో లోపం ఉందనీ, రక్తంలో ఏ జబ్బూ లేదనీ, ఇదిగో కాగితమనీ. ఆయన కాగితం తీసుకున్నాడు గానీ చదవలేదు.

"నా నెత్తురుల తప్పు లేదంటే, తప్పు ఎక్కడుంది మేడమ్?"

"మా దగ్గర" అంది సుకుమారి.

ఆయన ఆ మాట నమ్మాలో వద్దో తెలియనట్టు నిలబడిపోయాడు. శివమ్మ చెప్పులు విడిచి, అడక్కుండానే లోపలికొచ్చి, చాపమీద కూర్చుంది.

"సారూ, కూసో. నాకూ గట్లనే అన్నరు. నేను వండిన బువ్వ గూడ తినలే. నీకు ఈ నడుమ ఎన్నడన్న నడుము పక్క నొప్పి లేసి, చలిజరం వచ్చిందా?"

సుందర్‌రాజు కళ్ళు పెద్దవయ్యాయి. "మార్చిల వచ్చింది. మీకెట్ల తెల్సు?"

"చెప్త. మొదలుకెల్లి చెప్త. గీ పురుగు ఒకటుంటది..."

ఆయన గుమ్మం వదిలి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తలుపు చాటునుంచి ఆయన భార్య, ఆమె చంకలో పిల్లా తొంగిచూశారు. శివమ్మ చేతులు తిప్పుతూ చెబుతోంది. మధ్యలో ఒకచోట వైరస్‌కూ బ్యాక్టీరియాకూ తేడా కలిపేసింది. సుకుమారి దిద్దబోయి, ఆయన ఒక ప్రశ్న అడగడం విని ఊరుకుంది. అది సరైన ప్రశ్న. శివమ్మ ఆలోచించి, తప్పు తనే దిద్దుకుని, జవాబు చెప్పింది.

మాటల మధ్య ఎప్పుడో పిల్ల తల్లి చంక దిగి నడుచుకుంటూ వచ్చింది. సుందర్‌రాజు మాట ఆపకుండానే చెయ్యి చాపి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.